అన్ని పద్దుల్లో 10 శాతం కోసి పంపకండి, ముందు బిల్లులు తీసి చూడండి

మీరు రాసింది ఇదీ: హెచ్‌ఓడీ (శాఖాధిపతి) ఆఫీసుకి ఫైనాన్స్ నుంచి మెమో వచ్చింది, జీతాలు పోను మిగతా ఖర్చులో 10 శాతం తగ్గించే ప్రతిపాదనలు రెండు వారాల్లో పంపమన్నారు. మీరు అకౌంట్స్ సెక్షన్‌కి కొత్త. సూపరింటెండెంట్ గారేమో "ప్రతి హెడ్‌లోనూ 10 శాతం తీసేసి పంపేద్దాం, ఎవరికీ గొడవ ఉండదు" అంటున్నారు. అలా చేయొచ్చా, లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి అని మీ ప్రశ్న.

నేను ట్రెజరీలో మొదలుపెట్టి, తర్వాత రెండు మూడు డిపార్ట్‌మెంట్లలో అకౌంట్స్ ఆఫీసర్‌గా చేసి రిటైరయ్యాను. ఇలాంటి మెమోలు దాదాపు ప్రతి ప్రభుత్వంలోనూ చూశాను. సూపరింటెండెంట్ గారి పద్ధతిలో గొడవ ఉండదన్నది నిజమే, కానీ పొదుపు కూడా ఉండదు. బడ్జెట్‌లో 133 అనే హెడ్ నంబరు కింద కరెంటు, నీళ్ళ పద్దు ఉంది కదా, అందులో 10 శాతం కోశారనుకోండి, మీటరు తిరగడం ఆగదు. ఫిబ్రవరికల్లా పద్దు అయిపోతుంది, నెలా రెండు నెలల బిల్లులు పెండింగ్ పడతాయి, వాటి మీద డిస్కం సర్‌చార్జి వేస్తుంది, అదంతా వచ్చే ఏడాది నెత్తిన పడుతుంది. అంటే 10 శాతం తగ్గించామని కాగితం మీద రాసి నిజంగా ఖర్చు పెంచినవాళ్ళమవుతాం. పైగా అందరికీ సమానంగా కోస్తారని తెలిశాక వచ్చే ఏడాది ఎస్టిమేట్లు పంపేటప్పుడు ప్రతి జిల్లా ఆఫీసూ ముందే 10 శాతం కలిపి పంపుతుంది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపిన ఆఫీసర్‌కి, దుబారా చేసిన ఆఫీసర్‌కి ఒకే కోత పెడితే రెండోసారి నుంచి జాగ్రత్తగా ఉండేవాడు కూడా ఉండడు.

ఇక ఎక్కువమంది "దొరికింది" అని సంబరపడే చోటు ఖాళీ పోస్టులు. మీ నెంబర్ స్టేట్‌మెంట్ తీయండి, మంజూరైన పోస్టులెన్ని, మనుషులున్నవి ఎన్ని అని. ఖాళీలకి కూడా 010 (జీతాల హెడ్) కింద జీతం వేసుకుని, మార్చిలో ఆ డబ్బు సరెండర్ చేసి మిగిలిందని చూపించడం చాలా చోట్ల అలవాటు. ఇది కాకిలెక్క. ఎప్పుడూ ఖర్చు కానిది మిగలడమేమిటి? మీ మెమోలో జీతాలు ఎలాగూ లేవు కాబట్టి అటు వెళ్ళకండి, వెళ్ళినా ఫైనాన్స్ వాళ్ళ దగ్గర ఆ లెక్క మీకంటే ముందే ఉంటుంది, కాగ్ ఆడిట్ వాళ్ళు అప్రాప్రియేషన్ అకౌంట్స్‌లో (మంజూరైనదెంత, ఖర్చయినదెంత అని చూపే లెక్కలు) ప్రతి ఏడాదీ ఎత్తి చూపించేదే అది. ఒక్కటి మాత్రం గమనించండి. ఆ ఖాళీల్లో పని ఆగలేదు, ఔట్‌సోర్సింగ్ వాళ్ళు చేస్తున్నారు, వాళ్ళ డబ్బు వేరే హెడ్ నుంచి వెళ్తోంది. ఒక పక్క 010లో మిగులు, ఇంకో పక్క 300లో (కాంట్రాక్టు సేవల హెడ్) లోటు. రెండూ కలిపి చూస్తే గానీ ఆఫీసు నడపడానికి అసలు ఎంత అవుతోందో తెలియదు.

బిల్లు ఆపడాన్ని కూడా పొదుపు కింద రాయకండి. ఇది ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి 2020 చాలు. కరోనా మొదట్లో, ఆ మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగుల జీతాలు, పింఛన్లలో కొంత భాగం తర్వాత ఇస్తామని ఆపారు. కేసు హైకోర్టుకి వెళ్ళింది, 12 శాతం వడ్డీతో కట్టమంది. సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో దాన్ని 6 శాతానికి తగ్గించింది గానీ వడ్డీ తప్పలేదు. జీతం కాబట్టి కోర్టు దాకా వెళ్ళింది. సప్లయర్ కోర్టుకి వెళ్ళడు, వచ్చే టెండర్‌లో వేసుకుంటాడు. ఏడాది దాకా డబ్బు రాదని తెలిసిన ఆఫీసుకి మంచి కాంట్రాక్టర్లు అసలు రారు, వచ్చిన ఇద్దరూ ఆలస్యానికి వడ్డీ కలిపి కోట్ చేస్తారు. టైముకి డబ్బిచ్చే ఆఫీసుకి అదే వస్తువు తక్కువ రేటుకి రావడం నేను చాలాసార్లు చూశాను. కాబట్టి పెండింగ్ బిల్లులు తీర్చడం కూడా పొదుపు మార్గమే, వినడానికి వింతగా ఉన్నా.

సరే, మరి ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, బడ్జెట్ పుస్తకం పక్కన పెట్టండి. ప్రభుత్వ బిల్లులు నడిచే ఆన్‌లైన్ వ్యవస్థ మీది ఆంధ్రా అయితే సీఎఫ్‌ఎంఎస్, తెలంగాణ అయితే ఐఎఫ్‌ఎంఐఎస్, అందులోంచి గడిచిన 12 నెలల బిల్లులు డీడీఓల (బిల్లు పెట్టి డబ్బు డ్రా చేసే ఆఫీసర్ల) వారీగా దించుకోండి. దించుకున్నాక హెడ్ వారీగా కాకుండా డబ్బు ఎవరికి వెళ్ళిందో ఆ పేరు వారీగా సర్దండి. ఒకే పేరు ప్రతి నెలా, దాదాపు ఒకే మొత్తంతో వస్తుంటే దాని పక్కన టిక్ పెట్టుకోండి. మీరు వెతికేది అక్కడే దొరుకుతుంది. ఎప్పుడో ఎవరో ఒకసారి సంతకం పెట్టారు, ఆ తర్వాత ఎవరూ "ఇది ఇంకా కావాలా" అని అడగలేదు, బిల్లు మాత్రం నెల నెలా పాసవుతూనే ఉంది. కొత్తగా పెట్టే ఖర్చుకి నోట్ ఫైలు, ఆమోదం, అభ్యంతరం, ఎన్నో అడ్డాలుంటాయి. పాత ఖర్చుకి ఏ అడ్డూ ఉండదు.

కరెంటు బిల్లు విడమరిచి చెప్తాను, ఎందుకంటే అది ఎవరి జోలికీ పోకుండా దొరికే డబ్బు. మీ పెద్ద ఆఫీసులు, ఆస్పత్రులు, హాస్టళ్ళు హెచ్‌టీ (హై టెన్షన్, పెద్ద లోడుకి ఇచ్చే) సర్వీసు మీద ఉంటే ఆ బిల్లులో యూనిట్ల చార్జీ కాకుండా డిమాండ్ చార్జీ అని విడిగా ఉంటుంది. డిమాండ్ అంటే ఒకేసారి లాగే లోడు, దాన్ని కేవీఏల్లో కొలుస్తారు. డిస్కంతో ఒప్పందంలో రాసుకున్న గరిష్ఠ డిమాండ్‌ని సీఎండీ అంటారు. మీరు నిజంగా వాడిన గరిష్ఠ డిమాండ్, లేదా సీఎండీలో 80 శాతం, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. ఒక జిల్లా ఆఫీసుల సముదాయంలో సీఎండీ 250 కేవీఏ. ఎప్పుడో ప్రింటింగ్ యూనిట్, పాత సెంట్రల్ ఏసీ ఉన్నప్పుడు తీసుకున్నది. ఆ యూనిట్ మూసేశారు, ఏసీ తీసేసి స్ప్లిట్ ఏసీలు పెట్టారు, సర్వీసు మాత్రం అలాగే ఉంది. బిల్లుల మీద రికార్డెడ్ డిమాండ్ గళ్ళు వరసగా చూస్తే మే నెల ఎండల్లో కూడా 110 దాటలేదు. కానీ ప్రతి నెలా కడుతున్నది 200కి. అంటే 90 కేవీఏకి ఊరికే కడుతున్నాం. కేవీఏకి నెలకి 400 రూపాయలే వేసుకున్నా నెలకి 36 వేలు, ఏడాదికి 4 లక్షల 32 వేలు. ఒక్క బల్బు ఆర్పక్కర్లేదు, ఒక్క మనిషిని ఉక్కపోతలో కూర్చోబెట్టక్కర్లేదు, సీఎండీ 130కి తగ్గించమని ఒక దరఖాస్తు పెడితే చాలు. మరీ గీత మీదకి తగ్గించకండి, సీఎండీ దాటితే పెనాల్టీ రేటు పడుతుంది. ఒప్పందం కనీస గడువు అయిందో లేదో కూడా చూసుకోండి. ఇంకో సంగతి, హెచ్‌టీకి మన దగ్గర బిల్లు కేవీఏహెచ్‌ల మీద వేస్తారు, అంటే పవర్ ఫ్యాక్టర్ పడిపోతే వాడని కరెంటుకి కూడా డబ్బు కడుతున్నట్టే. పవర్ ఫ్యాక్టర్‌ని నిలబెట్టే కెపాసిటర్లు ప్యానెల్ గదిలో పనిచేస్తున్నాయా అని ఎలక్ట్రీషియన్‌ని అడగండి. చాలా చోట్ల కాలిపోయి ఏళ్ళయి ఉంటుంది, ఎవరూ పట్టించుకుని ఉండరు.

అద్దె వాహనాలు 134లో చూడండి. నెలకి ఇంత, 2,500 కిలోమీటర్ల వరకు అని ఒప్పందం ఉంటుంది. లాగ్‌బుక్కులు తెప్పించుకుని చదవండి, భలే కాలక్షేపం. ఏ నెల చూసినా 2,480, 2,490, 2,475. ఫీల్డ్ ఆఫీసర్ సెలవులో ఉన్న నెల కూడా 2,485! దీన్ని పట్టుకుని ఎవరినో బోనులో నిలబెట్టమనడం లేదు, అలా చేస్తే రేపటి నుంచి మీకు ఏ కాగితమూ రాదు. ఒకే ఆవరణలో మూడు ఆఫీసులుండి ఐదు బళ్ళుంటే వాటిని కలిపి మూడు చేయొచ్చు అని రాయండి, అంతే.

ఔట్‌సోర్సింగ్ దగ్గర మాత్రం కాస్త గట్టిగా ఉండాలి. ఏజెన్సీ బిల్లులో మనిషి జీతం మీద ఈపీఎఫ్ యజమాని వాటా, ఖర్చులతో కలిపి 13 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం, పైన సర్వీస్ చార్జి, జీఎస్టీ వేస్తారు. బిల్లుతో పాటు ఈపీఎఫ్ చలానా ఒక్కటే జతచేస్తే పాస్ చేయొద్దు, ఆ నెల ఈసీఆర్ (ఈపీఎఫ్‌కి ఏజెన్సీ పంపే నెలవారీ రిటర్న్) కూడా అడగండి, అందులో పేర్లు ఉంటాయి. ఆ పేర్లు, మీ హాజరు పట్టీలో పేర్లు, బిల్లులో పేర్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తే మూడూ కలవని చోట్లు వాటంతట అవే బయటపడతాయి. మనిషి మానేసి నాలుగు నెలలైనా బిల్లు వస్తుండొచ్చు. ఇంకా ఘోరం, మనిషి పనిచేస్తున్నాడు, మనం పీఎఫ్ ఇస్తున్నాం, వాడి ఖాతాలో పడటం లేదు. ఇందులో మొదటిది మీకు పొదుపు. రెండోదాంట్లో మీకు మిగిలేదేమీ లేదు, అయినా సరిచేయించాల్సిందే, ఆ డబ్బు వాళ్ళది.

ల్యాండ్‌లైన్లు, పనికిరావని కండెమ్ చేసిన కంప్యూటర్ల మీద నడుస్తున్న ఏఎంసీలు (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందాలు), ఎవరూ చదవని పత్రికల చందాలు, ఇవన్నీ కలిపినా చిన్నవే, ఒక పూటలో తేల్చేయొచ్చు. అద్దె భవనాలు పెద్దవి గానీ రెండు వారాల్లో తేలవు. ఏ ఆఫీసు ప్రైవేటు బిల్డింగులో ఉంది, అదే ఊళ్ళో ఏ ప్రభుత్వ భవనంలో అంతస్తు ఖాళీగా ఉంది అని జాబితా ఒకటి మొదలుపెట్టి ఉంచండి.

ఇంతవరకు చెప్పినదంతా ఆఫీసు ఖర్చు. మీ డిపార్ట్‌మెంట్ మందులో, పుస్తకాలో, యూనిఫారాలో, హాస్టల్ సరుకులో కొనేదైతే అసలు డబ్బు అక్కడుంది. ఇందులో మన దేశంలో అందరూ చూసి నేర్చుకున్నది పక్క రాష్ట్రం తమిళనాడు దగ్గర. 1995 నుంచి అక్కడ మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ ఒక్కటే రాష్ట్రం మొత్తానికి మందులు కొంటోంది. బ్రాండ్ పేరు మీద కాకుండా జెనరిక్ పేరు మీద టెండర్, ప్రతి బ్యాచ్ నుంచి శాంపిల్ తీసి కంపెనీ పేరు కనపడకుండా ల్యాబుకి పంపడం, ప్రతి ఆస్పత్రికీ ఒక పాస్‌బుక్, అందులో వాళ్ళ వాటా విలువ, దాంట్లోంచి జిల్లా గోడౌన్‌లో కావాల్సింది తీసుకోవడం. రేటు తగ్గింది కేవలం పెద్ద మొత్తంలో కొన్నందుకే అనుకుంటే పొరపాటు. డబ్బు టైముకి వస్తుందని కంపెనీలకి నమ్మకం కుదిరింది, నాసిరకం ఇస్తే బ్లాక్‌లిస్టు తప్పదని తెలిసింది, ఆస్పత్రికి తన వాటా ఎంతో తెలిసింది కాబట్టి అవసరం లేనిది ఎత్తుకుపోయి బీరువాలో పెట్టుకోలేదు. ఆంధ్రా, తెలంగాణల్లో కూడా మందులకి ఇలాంటి కార్పొరేషన్లే ఉన్నాయి. మీ డిపార్ట్‌మెంట్‌లో మీరు చేయగలిగింది ఏమిటంటే, ఎక్కువ డబ్బు పోయే ఒక ఇరవై వస్తువులు తీసుకుని, ఒక్కో జిల్లా ఏ రేటుకి కొందో ఒక పట్టిక వేయండి. అదే బియ్యం, అదే సబ్బు, అదే నోటుబుక్కు, పక్కపక్క జిల్లాల్లో 20, 30 శాతం తేడా కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. అన్నిటికంటే తక్కువ రేటుని కూడా గుడ్డిగా నమ్మకండి, నాణ్యత ఏమిటో అడగండి. కానీ మధ్య రేటుకి అందరినీ తెచ్చినా మీ 10 శాతంలో పెద్ద భాగం వచ్చేస్తుంది. ప్రభుత్వ ఆఫీసులు సరుకు కొనే జెమ్ పోర్టల్‌లో రేటు చూడండి, బజారు రేటూ చూడండి, పోర్టల్‌లో ఉంది కాబట్టి తక్కువే అనుకోవద్దు.

రివర్స్ టెండరింగ్ గురించి, అంటే టెండర్లు వేసినవాళ్ళ మధ్యే రేటు ఇంకా కిందకి దించే వేలం పెట్టడం గురించి, ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఒక మాట. ఆంధ్రాలో 2019లో తెచ్చారు, 2024లో తీసేశారు. రాజకీయం పక్కన పెడితే నా అభిప్రాయం ఇది: ట్యూబ్‌లైటు, ల్యాప్‌టాప్ లాంటి, తీసుకునేటప్పుడే మంచీ చెడూ తేల్చుకోగలిగే సరుక్కి వేలం బాగానే పనిచేస్తుంది. నాణ్యత పదేళ్ళ తర్వాత గానీ బయటపడని పనికి రేటుని అలా కిందకి తోసుకుంటూ పోతే, తగ్గినదాంట్లో ఎంత పొదుపు, ఎంత ఎగ్గొట్టిన సిమెంటు అన్నది ఆ రోజు ఎవరూ చెప్పలేరు.

లబ్ధిదారుల జాబితాలు ఏరేస్తే పొదుపు వస్తుందని మీ మీద ఒత్తిడి రావచ్చు. ఇక్కడ చాలా జాగ్రత్త. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీకి, పింఛన్లకి బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులు పెట్టినప్పుడు మురళీధరన్, నీహౌస్, సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాల్లో అధ్యయనం చేశారు. ఉపాధి హామీలో లీకేజీ 41 శాతం తగ్గింది. కానీ ప్రభుత్వం పెట్టిన ఖర్చు తగ్గలేదు, మధ్యలో పోయేది కూలీ చేతికి చేరింది. ఫైనాన్స్ వాళ్ళ పట్టికలో అది సున్నా, కూలీకి మాత్రం అసలైన లాభం. అదే బృందం తర్వాత జార్ఖండ్ రేషన్‌లో చూస్తే, మిగిలిందని లెక్కలో చూపించినదాంట్లో కొంత అసలైన కార్డుదారులకి అందకుండా పోయినదని తేలింది. కాబట్టి పేరు తీసేసే ముందు ఇంటికెళ్ళి చూసిన నివేదిక ఉంటేనే ఆ డబ్బుని పొదుపు కింద రాయండి.

ఇంకో చోటు ఎవరికీ గుర్తురాదు, బ్యాంకు ఖాతాలు. స్కీముల పేరుతో జిల్లాల్లో, మండలాల్లో తెరిచిన ఖాతాల్లో డబ్బు మూలుగుతుంటుంది. కేంద్ర పథకాలకి 2021 జులై నుంచి ఎస్‌ఎన్‌ఏ పద్ధతి, అంటే ఒక పథకానికి రాష్ట్రంలో ఒకే నోడల్ ఖాతా, అమలు చేయడానికి ఒక ముఖ్య కారణం ఇదే. రాష్ట్రం ఆర్‌బీఐ వేలంలో 7 శాతం చుట్టుపక్కల వడ్డీకి అప్పు తెస్తుంటే, అదే రాష్ట్రం డబ్బు మీ పాత సేవింగ్స్ ఖాతాలో 3 శాతం లోపు వడ్డీకి పడి ఉంటే, ఆ తేడా ఎవరి జేబులోంచి పోతున్నట్టు? పాత ఖాతాలన్నీ వెతికి మూసేసి బ్యాలెన్సు వెనక్కి జమ చేయండి. మీ హెడ్ల కింద ఖర్చు తగ్గినట్టు కనిపించదు గానీ ఫైనాన్స్ వాళ్ళకి మీ మెమో జవాబులో అన్నిటికంటే నచ్చేది ఇదే. మార్చి 31న డబ్బు మురిగిపోకుండా పీడీ ఖాతాలోకి (ట్రెజరీలో ఆఫీసర్ పేరున ఉండే డిపాజిట్ ఖాతా) తోసేయడం కూడా ఈ కోవలోదే, దాని మీద కాగ్ ఎన్నిసార్లు రాసిందో లెక్కలేదు.

మార్చి అన్నాను కాబట్టి. కేంద్రంలో చివరి త్రైమాసికంలో 33 శాతం, ఒక్క మార్చిలో 15 శాతం దాటకూడదని పరిమితి ఉంది, హడావిడి ఖర్చు ఆర్థిక మర్యాదకి భంగమని 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోనే రాశారు. మీ బిల్లుల్లో మార్చి నెల విడిగా తీసి చూడండి. కుర్చీలు, ప్రింటర్లు, టోనర్లు, అప్పటిదాకా గుర్తురానివన్నీ ఆ నెలలోనే అవసరమవుతాయి! జిల్లా ఆఫీసర్లని తప్పుపట్టలేం. మిగిల్చితే వచ్చే ఏడాది ఆ మేరకు కోస్తారు అని వాళ్ళకి అనుభవం, ఎవరు మాత్రం మిగులుస్తారు? అందుకే జిల్లాలకి మీరు పంపే లెటర్‌లో "తగ్గించే ప్రతిపాదనలు పంపండి" అని మాత్రమే రాస్తే "మా దగ్గర తగ్గించడానికి ఏమీ లేదు" అనే జవాబు వస్తుంది, మాటలు కూడా అవే. దానికి బదులు హెచ్‌ఓడీ గారి చేత సంతకం చేయించి, చూపించిన పొదుపులో సగం అదే ఆఫీసుకి, వాళ్ళు ఏళ్ళుగా అడుగుతున్న పనికి, ఆ కప్పు లీకేజీయో, ఆ మరుగుదొడ్డి రిపేరో, దానికి ఇస్తామని రాయండి. హెడ్ మారాలంటే రీ అప్రాప్రియేషన్ (ఒక హెడ్ డబ్బుని ఇంకో హెడ్‌కి మార్చే ఉత్తర్వు) కావాలి, ఫైనాన్స్ ఒప్పుకోవాలి, రెవెన్యూ నుంచి క్యాపిటల్‌కో, ఒక గ్రాంటు నుంచి ఇంకో గ్రాంటుకో మార్చడం కుదరదు. అందుకని ఏ హెడ్ నుంచి ఏ హెడ్‌కి అన్నది ముందే ఫైనాన్స్‌లో మీ సెక్షన్ చూసే వాళ్ళతో మాట్లాడుకుని, తర్వాతే మాట ఇవ్వండి. ఇచ్చి తప్పితే మళ్ళీ ఎప్పుడూ నమ్మరు.

జవాబు రాసేటప్పుడు మూడు భాగాలు పెట్టండి: ఈ ఏడాదే తగ్గేవి, వచ్చే ఏడాది నుంచి తగ్గేవి, ముందు కొంత పెట్టుబడి పెడితే తగ్గేవి. మూడో రకానికి ఉదాహరణ వీధి దీపాలు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో ఎల్ఈడీ దీపాలు పెట్టినప్పుడు ముందు పెట్టుబడి ఈఈఎస్ఎల్ (కరెంటు పొదుపు పనులు చేసే కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ) పెట్టి, తగ్గిన కరెంటు ఖర్చులోంచి విడతలుగా తీసుకునే పద్ధతి. ఇలాంటి దానికి వెళ్తే మార్చక ముందు లోడు ఎంతుందో ఇద్దరూ కలిసి కొలిచి సంతకాలు పెట్టుకోవాలి, లేకపోతే తర్వాత ఎంత తగ్గిందన్నదాని మీదే తగువు. ప్రతి అంశం పక్కనా రుజువు పెట్టండి, బిల్లు కాపీయో, లాగ్‌బుక్ పేజీయో. తగ్గించలేనివి కూడా రాసి, తగ్గిస్తే ఏం ఆగిపోతుందో ఒక్క వాక్యంలో చెప్పండి. అన్నీ కలిపి 7 శాతమే వస్తే 7 అనే పంపండి, రుజువులున్న 7ని ఫైనాన్స్ వాళ్ళు కాదనడం కష్టం, కాకిలెక్కల 10ని మాత్రం రివైజ్డ్ ఎస్టిమేట్ల మీటింగ్‌లో మీ ఎదురుగానే చింపేస్తారు.

రెండు వారాలే ఉంది కాబట్టి రేపు పొద్దున్నే చేయాల్సింది రెండు పనులు. హెచ్‌టీ సర్వీసులున్న ప్రతి ఆఫీసు నుంచి 12 నెలల కరెంటు బిల్లుల ఫొటోలు వాట్సాప్‌లో తెప్పించుకోండి, అధికారికంగా లెటర్ పెడితే నెల పడుతుంది. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీలని గత మూడు నెలల ఈసీఆర్‌లు అడగండి. ఆ కాగితాలు వచ్చాక లెక్క ఎక్కడైనా కుదరకపోతే పేర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.